ఇంజిన్ వేడి రాయని కంప్రెషన్ రీడింగు సగం రీడింగే

"కంప్రెషన్ 120 వచ్చిందండీ, ఇంజిన్ బోరుకొచ్చింది అంటున్నారు" అని ఎవరైనా చీటీ తెచ్చి చూపిస్తే నేను మొదట అడిగేది ఒకటే. ఆ 120 బండి చల్లగా ఉన్నప్పుడు తీశారా, వేడి మీద తీశారా? చాలామంది చెప్పలేరు. కంప్రెషన్ అంటే సిలిండర్లో పిస్టన్ గాలిని నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి, దాన్ని గేజితో కొలుస్తాం. బోరుకొచ్చింది అంటే సిలిండర్ లోపలి గోడలు అరిగి, లేత్‌లో మళ్లీ సాపు చేయించాల్సి వచ్చిందని. చీటీ మీద నాలుగు సిలిండర్ల అంకెలు ఉంటాయి, కింద ఖర్చు అంచనా ఉంటుంది. ఇంజిన్ ఎంత వేడి మీద ఉందో మాత్రం ఎక్కడా ఉండదు. ఆ ఒక్క ముక్క లేకపోతే 120 అనే అంకెను బట్టి ఏమీ తేల్చలేం.

విజయవాడ ఆటోనగర్‌లో నాది ఇంజిన్ పనులు చేసే షెడ్డు. ఎక్కువగా పెట్రోలు, సీఎన్‌జీ కార్లు వస్తాయి, అప్పుడప్పుడు డీజిల్ బళ్లు, బైకులు. పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లకు గేజి చేతికిచ్చే ముందు నేను చెప్పే విషయాలే ఇక్కడ రాస్తున్నాను. సొంత బండికి తనే టెస్టు చేసుకోవాలనుకునే ఓనరుకైనా, షెడ్లో చేరిన కొత్త మెకానిక్‌కైనా ఇది పనికొస్తుంది. ఒక తప్పుడు రీడింగు వల్ల బాగున్న ఇంజిన్‌ను విప్పి, లేత్‌కు పంపి, అప్పు చేసి డబ్బు కట్టినవాళ్లను నేను చూశాను. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

వేడికీ గేజికీ సంబంధం

ముందు ఒక చిన్న లెక్క. సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న మన విజయవాడ లాంటి చోట గాలి ఒత్తిడి సుమారు 14.7 పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి అన్ని పౌండ్లు. ఇంజిన్ కంప్రెషన్ రేషియో 10 అనుకుందాం. పది వంతుల గాలిని ఒక వంతులోకి నొక్కితే 147 పీఎస్‌ఐ కావాలి. గేజి బయటి గాలి ఒత్తిడిని సున్నాగా తీసుకుంటుంది కాబట్టి అందులో 132 చూపించాలి. కానీ అదే ఇంజిన్ ఆరోగ్యంగా ఉంటే గేజి 170, 180, ఒక్కోసారి 190 కూడా చూపిస్తుంది. ఆ పై 40, 50 పీఎస్‌ఐ ఎక్కడి నుంచి వచ్చాయి?

వేడి నుంచి. గాలిని గబుక్కున నొక్కితే వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి ఇంకా గట్టిగా నెడుతుంది. సైకిల్ పంపుతో ట్యూబుకు గాలి కొట్టినప్పుడు పంపు అడుగు భాగం చేతికి వెచ్చగా తగులుతుంది కదా, ఇదీ అదే. నొక్కినప్పుడు పుట్టిన వేడి అంతా గాలిలోనే ఉండిపోతే, రేషియో 10 ఉన్న ఇంజిన్‌లో గేజి 350 దాకా పోవాలి. అలా పోదు. ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది కాబట్టి కొంత గాలి వెనక్కి పోతుంది. పిస్టన్ చుట్టూ సీలులా ఉండే రింగుల పక్క నుంచి కొంత జారిపోతుంది. పుట్టిన వేడిలో పెద్ద భాగాన్ని సిలిండర్ గోడలు, పిస్టన్ తల, పైన మూతలా ఉండే హెడ్డు లాగేసుకుంటాయి.

అసలు కీలకం ఇక్కడే ఉంది. గోడలు చల్లగా ఉంటే వేడిని ఎక్కువ లాగుతాయి, రీడింగు తగ్గుతుంది. గోడలు 90 డిగ్రీల మీద ఉంటే తక్కువ లాగుతాయి, రీడింగు పెరుగుతుంది. రింగులు అవే, వాల్వులు అవే, కానీ అంకె మారిపోతుంది.

రెండో కారణం లోహాల సాగుదల. పిస్టన్ అల్యూమినియం. పోత ఇనుముతో పోలిస్తే అది వేడికి దాదాపు రెట్టింపు సాగుతుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్‌కీ బోరుకీ మధ్య సందు ఎక్కువ, రింగు కొసల మధ్య గ్యాపు కూడా ఎక్కువ. వేడెక్కేకొద్దీ రెండూ తగ్గి, రింగు బోరుకు సరిగ్గా కూర్చుంటుంది. కంపెనీవాళ్లు కొలతలన్నీ వేడి మీద సరిపోయేలా పెడతారు, ఎందుకంటే ఇంజిన్ జీవితంలో ఎక్కువ భాగం వేడి మీదే నడుస్తుంది.

మూడోది ఆయిల్, సెల్ఫ్. చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి క్రాంకును పట్టుకుంటుంది. సెల్ఫ్ మెల్లగా తిప్పుతుంది. మెల్లగా తిరిగితే గాలి జారిపోవడానికీ, వేడి గోడల్లోకి పోవడానికీ ఎక్కువ సమయం దొరుకుతుంది. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున పాత బ్యాటరీతో తీసిన రీడింగునూ, మే నెలలో విజయవాడ మధ్యాహ్నం తీసిన రీడింగునూ పక్కపక్కన పెట్టి ఇంజిన్ పాడైంది, బాగుంది అని తీర్పు చెప్పకూడదు.

అయితే చల్లటి ఇంజిన్‌లో రీడింగు ఎప్పుడూ తక్కువే వస్తుందని గుడ్డిగా అనుకోవద్దు. అరిగిన రింగుల చుట్టూ చిక్కటి చల్లటి ఆయిల్ పేరుకుని ఉంటే అదే సీలు లాగా పనిచేసి, చల్లగా ఉన్నప్పుడే అంకె కాస్త మెరుగ్గా కనిపించిన బళ్లు ఉన్నాయి. వేడెక్కి ఆయిల్ పల్చబడగానే రీడింగు పడిపోతుంది. ఆయిల్ తాగే పాత ఇంజిన్లలో ఇది కనిపిస్తుంది. మా షెడ్లో చూసినంతవరకు, మంచి ఇంజిన్, మంచి బ్యాటరీ అయితే చల్లకీ వేడికీ మధ్య తేడా 10 నుంచి 20 పీఎస్‌ఐ ఉంటుంది. అంతకంటే బాగా ఎక్కువ ఉన్నా, తేడా తలకిందులుగా ఉన్నా, ఒకే సిలిండర్లో తేడా ఉన్నా అక్కడ ఏదో కథ ఉందని అర్థం.

వేడి మీద టెస్టు ఎలా చేయాలి

మాన్యువల్లో ఇచ్చే అంకెలు సాధారణంగా ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక తీసినవి. కాబట్టి పోల్చాలంటే మనమూ అదే స్థితిలో తీయాలి.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టాల్సిన పని ఒకటుంది. ప్లగ్గుల గుంతల్లో దుమ్మును గాలితో ఊదేసి, ఒక్కో ప్లగ్గును పావు చుట్టు వదులు చేసి మళ్లీ సరిగ్గా బిగించండి. అల్యూమినియం హెడ్డు బాగా వేడి మీద ఉన్నప్పుడు బిగుసుకుపోయిన ప్లగ్గును బలవంతంగా తిప్పితే మర ఊడి వచ్చేస్తుంది. అప్పుడు కంప్రెషన్ సంగతి పక్కనపెట్టి, ఊడిన చోట కొత్త మర ఇన్సర్ట్ వేయించుకునే పని పడుతుంది. చల్లగా ఉన్నప్పుడే పట్టు వదిలించి ఉంచితే వేడి మీద తేలిగ్గా వస్తాయి. చల్లగా ఉన్నప్పుడే మొరాయిస్తున్న ప్లగ్గుకు కొద్దిగా పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి వదిలేయండి, ఆ రోజుకు తొందరపడొద్దు.

ఇప్పుడు బండి నడపండి. నిలబెట్టి ఐడిల్‌లో ఉంచితే చాలదు. కూలెంట్ త్వరగా వేడెక్కుతుంది, మీటరు ముల్లు మధ్యకు వస్తుంది, మనం ఇంజిన్ సిద్ధమైందనుకుంటాం. లోపల ఆయిలూ పిస్టన్లూ ఇంకా వెనకే ఉంటాయి. 15, 20 నిమిషాలు రోడ్డు మీద తిప్పుకొస్తే అన్నీ ఒక దగ్గరకు వస్తాయి. వచ్చాక రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా ఐడిల్‌లో ఉంచండి. స్కానర్ ఉంటే కూలెంట్ వేడి చూసి రాసుకోండి, చాలా కార్లలో 85 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటుంది. ఓవర్‌హీట్ అయిన ఇంజిన్‌కు మాత్రం అదే ఊపులో టెస్టు పెట్టొద్దు. ముందు చల్లారనివ్వండి, రేడియేటర్ మూత ముట్టుకోవద్దు, నీళ్లు ఎటు పోతున్నాయో తేల్చాకే మళ్లీ వేడి చేయండి.

ఇంజిన్ ఆపాక పని చకచకా సాగాలి, కానీ ఈ జాగ్రత్తలు వదలొద్దు. గేరు న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్‌బ్రేక్ లాగండి. ఇంజెక్టర్ల కనెక్షన్లు తీయండి, లేదా ఫ్యూయల్ పంపు ఫ్యూజు లాగండి. సీఎన్‌జీ బండి అయితే గ్యాస్ సిలిండర్ వాల్వు కట్టేయండి. కాయిళ్ల కనెక్షన్లు తప్పనిసరిగా తీయాలి. ప్లగ్గు గుంతల్లోంచి పెట్రోలు ఆవిరి బయటకు వస్తుంటే పక్కనే స్పార్కు ఎగిరిందంటే మంటే. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా రేడియేటర్ ఫ్యాన్ తనంతట తానే తిరగొచ్చు, చేతులు దూరంగా ఉంచండి. ఎగ్జాస్ట్ మానిఫోల్డు పక్కనే పని, గ్లౌజులు వేసుకోండి.

ప్లగ్గులన్నీ తీసేయాలి. ఒక్కటే తీసి టెస్టు చేసి, దాన్ని పెట్టి ఇంకోటి తీయడం వద్దు. మిగతా మూడు సిలిండర్లు అడ్డుపడుతుంటే సెల్ఫ్ మెల్లగా తిరుగుతుంది, టైమూ పోతుంది, ఇంజినూ చల్లారుతుంది. తీసిన ప్లగ్గులను సిలిండర్ల వరసలోనే పేర్చి పెట్టండి. వాటి రంగు చూసే పని తర్వాత ఉంటుంది.

టెస్టర్ అడాప్టర్ ప్లగ్గు మర సైజుకు సరిపోవాలి. 14, 12, 10 ఎంఎం రకాలు ఉంటాయి. చేత్తోనే బిగించండి, పానా పెట్టొద్దు. గొట్టం చివర, అంటే సిలిండర్ వైపు, చిన్న వాల్వు పిన్ను ఉందో లేదో చూడండి. చూడ్డానికి టైరు వాల్వు పిన్నులాగే ఉంటుంది కానీ దాని స్ప్రింగు చాలా మెత్తన. అది పోయిందని టైరు పిన్ను పెట్టేస్తే స్ప్రింగు గట్టిదనం వల్ల రీడింగు తక్కువ చూపిస్తుంది. అసలు పిన్ను సిలిండర్ దగ్గర లేకుండా గేజి దగ్గర ఉంటే, గొట్టంలోని ఖాళీ కూడా సిలిండర్‌లో కలిసిపోయినట్టే, అప్పుడూ తక్కువే. ఒక బండి మీద నాలుగు సిలిండర్లూ సమానంగా తక్కువ వచ్చాయంటే ఇంజిన్‌ను అనుమానించే ముందు టెస్టర్‌ను బాగున్న ఇంకో బండి మీద పెట్టి చూడండి.

ఇంకొకరిని సీట్లో కూర్చోబెట్టి ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి పట్టమనండి. త్రాటిల్ మూసి ఉంటే సిలిండర్లోకి గాలే రాదు, రీడింగు ఎలా వస్తుంది? ఎలక్ట్రానిక్ త్రాటిల్ ఉన్న కార్లలో పెడల్ తొక్కితే లోపల ప్లేటు నిజంగా తెరుచుకుందో లేదో కళ్లతో చూడండి. ఇప్పుడు సెల్ఫ్ కొట్టాలి. గేజి ముల్లు ఒక్కో కంప్రెషన్‌కు ఒక్కో గెంతు వేస్తుంది. ఐదారు గెంతులు చాలు. మొదటి సిలిండర్‌కు ఆరు గెంతులు ఇస్తే మిగతా అన్నింటికీ ఆరే ఇవ్వాలి. మొదటి గెంతులో ఎంత, చివర ఎంత, రెండూ రాసుకోండి. బ్యాటరీకి చార్జర్ గానీ ఇంకో బ్యాటరీ గానీ తగిలించి ఉంచడం మేలు. సెల్ఫ్ తిరుగుతుండగా వోల్టేజీ 10 కంటే కిందకు పోతుంటే ఆ రీడింగులు నమ్మొద్దు.

నాలుగో సిలిండర్ అయ్యాక ఆపేయకండి. మళ్లీ మొదటి సిలిండర్ తీయండి. చాలామంది చేయని పని ఇదే, నాకు దీని మీద చాలా పట్టింపు. ప్లగ్గులు తీసిన ఇంజిన్ మీరు అనుకున్న దానికంటే వేగంగా చల్లారుతుంది. తిరిగిన ప్రతిసారీ బయటి గాలి లోపలికి పోయి గోడలను చల్లబరుస్తుంది. మొదట 178 చూపించిన ఒకటో సిలిండర్ చివర్లో 170 చూపిస్తే, మధ్యలో ఆ 8 పీఎస్‌ఐ ఇంజిన్ చల్లారడం వల్ల పోయినవి. అప్పుడు నాలుగో సిలిండర్లో వచ్చిన 171ని చూసి కంగారు పడక్కర్లేదు. రెండు రీడింగుల మధ్య తేడా 15 దాటితే ప్లగ్గులు పెట్టి, మళ్లీ వేడి చేసి, మొత్తం మళ్లీ తీయడమే మంచిది.

అంకెలు ఎలా చదవాలి

గేజి మీద పీఎస్‌ఐ, బార్, కేజీ అన్నీ ఉంటాయి. ఒక బార్ అంటే 14.5 పీఎస్‌ఐ, చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ అంటే 14.2. మాన్యువల్లో ఉన్న కొలతకు మార్చుకుని చూడండి. సిలిండర్ల మధ్య తేడా ఒక కేజీ దాకా ఉండొచ్చని చాలా మాన్యువళ్లు చెబుతాయి. మాన్యువల్ దొరక్కపోతే, అన్నిటికంటే తక్కువ సిలిండర్ అన్నిటికంటే ఎక్కువ సిలిండర్‌లో 75 శాతం కంటే తగ్గకూడదు అనేది మెకానిక్కులు వాడే పాత కొలత. నేనైతే 75 దాకా ఆగను. పది శాతం తేడా కనిపిస్తేనే ఆ సిలిండర్ మీద కన్నేసి ఉంచుతాను.

ఊరు కూడా లెక్కలోకి వస్తుంది. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి ఒత్తిడే ఆరు శాతం దాకా తక్కువ. విజయవాడలో 180 చూపించే ఇంజిన్ అక్కడ 169 దగ్గర చూపిస్తుంది. హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి "మీ దగ్గర తీసినప్పటి కంటే తగ్గిపోయింది అన్నా" అని టెన్షన్ పడే కస్టమర్లకు ఇదే చెబుతుంటాను.

మొదటి గెంతులో తక్కువ ఉండి, తర్వాత గెంతు గెంతుకూ మెల్లగా పైకి వస్తుంటే రింగుల వైపు చూడాలి. మొదట తక్కువ, చివరా తక్కువే, పెద్దగా ఎక్కడం లేదంటే వాల్వుల వైపు. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు కలిసి పడిపోయాయంటే హెడ్డు కింద సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ ఆ రెండింటి మధ్యలో పోయి ఉండొచ్చు. అన్నీ బాగా ఎక్కువ చూపిస్తే అదీ మంచిది కాదు, పిస్టన్ తల మీద కార్బన్ పేరుకుందేమో చూడాలి.

తక్కువ వచ్చిన సిలిండర్లో ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్ల ఇంజిన్ ఆయిల్ వేసి మళ్లీ తీయడం అందరికీ తెలిసిందే. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు అంటారు. ఇందులో రెండు సంగతులు మరిచిపోతుంటారు. ఒకటి, వేడి ఇంజిన్‌లో ఆయిల్ వెంటనే పల్చబడి కిందకు దిగిపోతుంది. వేసిన వెంటనే రెండు చుట్లు తిప్పి, గేజి పెట్టి తీయాలి, టీ తాగి వచ్చి తీస్తే లాభం లేదు. రెండు, ఆయిల్ కూడా చోటు ఆక్రమిస్తుంది. 1200 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 300 సీసీ. రేషియో 10 అయితే పైన మిగిలే ఖాళీ 33 సీసీ మాత్రమే. అందులో 5 సీసీ ఆయిల్ పోస్తే రేషియో దాదాపు 11.6 అయిపోతుంది. అంటే రింగులు బాగున్నా అంకె కొంత పెరుగుతుంది. కాబట్టి బాగున్న సిలిండర్లో కూడా అంతే ఆయిల్ పోసి, అక్కడ ఎంత పెరిగిందో చూసి పోల్చండి. 90 ఉన్నది 150కి ఎక్కితే రింగులు. 150 ఉన్నది 165 అయినంత మాత్రాన బోరు వేయించుకోమని ఎవరికీ చెప్పొద్దు.

చల్లగానే తీయాల్సిన బళ్లు

వేడి మీద తీయమని పుస్తకం చెబుతుంది, నేనూ చెప్పాను. కానీ ఫిర్యాదు ఏ వేడి దగ్గర ఉందో టెస్టు కూడా ఆ వేడి దగ్గర ఉండాలి. ఈ మాటను నేను సీఎన్‌జీ బళ్ల వల్ల బాగా నమ్ముతున్నాను.

ఒక సీఎన్‌జీ ట్యాక్సీ వచ్చింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే రెండు మూడు నిమిషాలు ఇంజిన్ మిస్ కొడుతుంది, ఊగిపోతుంది. తర్వాత ఏమీ జరగనట్టు సాఫీగా నడుస్తుంది. వేరే చోట ప్లగ్గులు మార్చారు, కాయిళ్లు మార్చారు. కంప్రెషన్ కూడా చూశారు, పద్ధతి ప్రకారం వేడి మీదే. అన్నీ 165 పైన. కంప్రెషన్ బాగుంది అని రాసి పంపేశారు. బండి అతను రోజూ పొద్దున మొదటి కిరాయి పోగొట్టుకుంటున్నాడు.

బండిని రాత్రి షెడ్లోనే ఉంచమన్నాను. పొద్దున బ్యాటరీకి చార్జర్ తగిలించి, చల్లటి ఇంజిన్‌కే టెస్టు పెట్టాను. వరసగా 158, 155, 92, 157. మూడో సిలిండర్ కూలిపోయింది. తర్వాత వేడి చేసి తీస్తే 172, 170, 164, 171. టాపెట్ గ్యాపులు, అంటే వాల్వు కాడకీ దాన్ని నొక్కి తెరిచే క్యామ్ ఏర్పాటుకీ మధ్య ఉండే సందులు, చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ దగ్గర సందు కొలిచే అతి పల్చటి ఫీలర్ బ్లేడు కూడా దూరలేదు.

జరిగింది ఇది. సీఎన్‌జీ పొడి ఇంధనం. పెట్రోలు లాగా వాల్వు మీద, సీటు మీద తడి పొర ఉండదు, అందుకని సీటు తొందరగా అరుగుతుంది. సీటు అరిగితే వాల్వు హెడ్డులోకి కూరుకుంటుంది, దాని కాడ క్యామ్ వైపుకు జరుగుతుంది, టాపెట్ గ్యాపు తగ్గుతూ తగ్గుతూ సున్నా అవుతుంది. అప్పుడు క్యామ్ వదిలినా వాల్వు పూర్తిగా మూసుకోదు. ఈ ఇంజిన్‌లో హెడ్డు అల్యూమినియం, వాల్వు ఉక్కు. వేడెక్కాక హెడ్డు ఎక్కువ సాగి గ్యాపును కొంచెం తెరుస్తుంది, వాల్వు సీటు మీద కూర్చుంటుంది, కంప్రెషన్ తిరిగి వస్తుంది. అందుకే వేడి మీద తీసిన టెస్టులో ఆ జబ్బు దాక్కుంది. అలాగే నడిపి ఉంటే ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోయి, అప్పుడు వేడి మీదా చల్లగానూ రెండిట్లోనూ పడిపోయేది. హెడ్డు దించి, సీట్లు కట్ చేయించి, వాల్వులను సీట్ల మీద రుద్ది లాపింగ్ చేసి, గ్యాపులు సరిచేశాం. బోరు ముట్టుకోలేదు.

టాపెట్ గ్యాపు వేడికి ఎటు కదులుతుందో అన్ని ఇంజిన్లకూ ఒకటే సూత్రం లేదు. కొన్నింటిలో వేడి మీద పెరుగుతుంది, కొన్నింటిలో తగ్గుతుంది. హెడ్డు ఏ లోహం, క్యామ్ ఎక్కడుంది, రాకర్లు ఉన్నాయా, బకెట్లా అన్నదాన్ని బట్టి మారుతుంది. అందుకే మాన్యువల్లో గ్యాపు పక్కన చల్లగానా, వేడిగానా అని రాసి ఉంటుంది. ఆ మాట చదవకుండా అంకె ఒక్కటే చూసి టాపెట్లు సెట్ చేయొద్దు.

దీనికి తిరగబడిన జబ్బులూ ఉన్నాయి. పొద్దున చక్కగా స్టార్ట్ అవుతుంది, హైవే మీద గంట నడిచాక టోల్ గేటు దగ్గర ఆపితే మళ్లీ ఎత్తుకోదు. ఇలాంటి బండికి చల్లగా తీసిన రీడింగు అబద్ధం చెబుతుంది. వాల్వు కాడ మీద కార్బన్ పట్టి, వేడెక్కాక గైడులో బిగుసుకుని పూర్తిగా దిగకపోవచ్చు. హెడ్డులో సన్నటి పగులు వేడికి తెరుచుకోవచ్చు. అటువంటి వాటిని దూరం తిప్పుకొచ్చి, ఆపిన వెంటనే తీయాలి.

చల్లటి రీడింగును నమ్మకూడని సందర్భం మరొకటి ఉంది. కారును షెడ్లోంచి తీసి వాకిట్లో పెట్టి వెంటనే ఆపేస్తారు, లేదా కడగడానికి నాలుగడుగులు జరిపి ఆపేస్తారు. చల్లటి ఇంజిన్‌కు పెట్రోలు ఎక్కువ పడుతుంది. అది కాలేలోపే ఆపేస్తే గోడల మీద ఆయిల్ పొరను కడిగేస్తుంది. మర్నాడు స్టార్ట్ కాదు. కంప్రెషన్ తీస్తే అన్ని సిలిండర్లలోనూ 60, 70. చూసినవాళ్ల గుండె జారిపోతుంది. ప్లగ్గులు తీసి, ఇంజెక్టర్ల కనెక్షన్లు పీకి, ఎక్సలేటర్ తొక్కి పట్టి సెల్ఫ్ తిప్పి లోపలి పెట్రోలును బయటకు పంపండి. ఒక్కో గుంతలో కొద్దిగా ఆయిల్ వేసి, ఇంకోసారి తిప్పి, ఆరిన ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేయండి. పొగ వస్తుంది, భయపడొద్దు. అరగంట నడిపాక తీస్తే మామూలు అంకెలు వస్తాయి. తర్వాత ఆయిల్ మార్చేయండి, అందులో పెట్రోలు కలిసి ఉంటుంది.

నేను మొదట్లో చెప్పిన 120 చీటీ కూడా ఇలాంటిదే ఒకటి. నెల రోజులు కదలకుండా ఉన్న పెట్రోలు కారు, బలహీనమైన బ్యాటరీ, చల్లటి ఇంజిన్. నాలుగూ 115, 120 మధ్య వచ్చాయి. బ్యాటరీ మార్చి, రోడ్డు మీద తిప్పి, వేడి మీద తీస్తే 148 నుంచి 152. కొత్త ఇంజిన్ అంకెలు కావు కానీ అన్నీ సమానం, ఆయిల్ తాగడం లేదు, పికప్ ఉంది. ఆయన రిటైరైన టీచర్. ఇంజిన్ పని వద్దని చెప్పి పంపాను.

డీజిల్ బళ్లు, బైకులు

డీజిల్ ఇంజిన్‌కు పెట్రోలు గేజి పెట్టొద్దు. పెట్రోలు గేజి 300 పీఎస్‌ఐ దాకా ఉంటుంది, డీజిల్‌లో ఒత్తిడి 400 దాటిపోతుంది. గేజి పగిలి మొహం మీదకు వస్తుంది. 1000 దాకా ఉన్న డీజిల్ గేజి, గ్లో ప్లగ్గు లేదా ఇంజెక్టర్ గుంతకు సరిపోయే అడాప్టర్ కావాలి. కామన్ రైల్ బండి, అంటే ఒకే పైపులో చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ నిలవుండే రకం అయితే, ఇంజిన్ తిరుగుతుండగా ఫ్యూయల్ పైపులు విప్పొద్దు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. డీజిల్‌లో ఆయిల్ పోసి టెస్టు చేసే ఆలోచనే వద్దు. ఒక్కో సిలిండర్ 500 సీసీ, రేషియో 18 అనుకుంటే పైన ఖాళీ 29 సీసీ. కొంచెం ఎక్కువ పోస్తే పిస్టన్ ఆయిల్‌ను నొక్కి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. డీజిల్‌కు స్పార్కు లేదు, కంప్రెషన్ వేడితోనే మండాలి. అందుకే పొద్దున స్టార్టింగు సమస్య ఉన్న డీజిల్ బండికి చల్లటి రీడింగు కూడా తప్పకుండా తీయాలి.

గాలితో చల్లారే బైకు ఇంజిన్‌కు కూలెంట్ లేదు, కాబట్టి మీటరు చూసి చెప్పలేం. పది పదిహేను నిమిషాలు నడుపుకొచ్చి వెంటనే తీయండి, చల్లారడం కూడా అంతే వేగం. బుల్లెట్ లాంటి పెద్ద సింగిల్ సిలిండర్ బళ్లలో స్టార్టింగు తేలిక కావడానికి ఆటో డీకంప్రెషన్ ఏర్పాటు ఉంటుంది. అది మెల్లగా తిరుగుతున్నప్పుడు ఎగ్జాస్ట్ వాల్వును కొద్దిగా ఎత్తి పెడుతుంది. గేజి తక్కువ చూపిస్తే అది జబ్బు కాదు, డిజైనే అంత. అలాంటి బండికి లీక్‌డౌన్ టెస్టు, అంటే సిలిండర్లోకి బయటి నుంచి గాలి ఎక్కించి ఎంత కారిపోతుందో చూసే టెస్టు చేస్తే నిజం తెలుస్తుంది.

చివరగా రాత పని. మా షెడ్ కార్డు మీద కంప్రెషన్ గడి పక్కన ఇంకో ఐదు గడులు గీయించాను. కూలెంట్ వేడి టెస్టు మొదట్లో ఎంత, చివర ఎంత, సెల్ఫ్ తిరుగుతుండగా వోల్టేజీ ఎంత, ఎన్ని గెంతులు, ఒకటో సిలిండర్ రెండోసారి రీడింగు ఎంత. ఓనరుకు కూడా దాని ఫోటో పంపుతాం. ఏడాది తర్వాత అదే బండి వస్తే అప్పటి అంకెతో ఇప్పటి అంకెను పోల్చడానికి అప్పుడే వీలవుతుంది.

ప్లగ్గులు తిరిగి పెట్టేటప్పుడు హెడ్డు కాస్త చల్లారనివ్వండి. మొదటి చుట్లు చేత్తోనే ఎక్కించి, మాన్యువల్లో ఉన్న టార్క్ ప్రకారం బిగించండి. ఇంజెక్టర్లు, కాయిళ్లు, ఫ్యూజు అన్నీ తగిలించాక స్టార్ట్ చేసి, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంటే స్కానర్‌తో కోడ్ తీసేయండి. సీఎన్‌జీ సిలిండర్ వాల్వు తెరిచి, జాయింట్ల దగ్గర సబ్బు నీళ్లతో లీకు చూసి, ఆ తర్వాతే బండి బయటకు పంపండి.